కర్ర దాటిన దొర

కూర్మయ్య పేరు చెబితే మలయాలోని బాగన్ దాతుక్ కొబ్బరితోటల్లో ఏడ్చే పిల్లలు నోరు మూసుకునేవారు. ఇది పొగడ్త అనుకునేరు, కాదు. ఆ మనిషి చేతిలో కొసకి ఇత్తడి పొన్ను వేసిన వెదురుకర్ర ఒకటి ఉండేది. ఆ కర్రదెబ్బ తినని వీపు ఆ తోట కూలీల లైను ఇళ్ళలో తక్కువ. తోట దొర కొట్టమంటే కొట్టేవాడు, ఆపమంటే ఆపేవాడు. అలాంటివాడి కథ మాకెందుకయ్యా అంటారేమో. దొర కథ చెప్పడానికి ఇంగ్లండులో బోలెడంత మంది ఉన్నారు. ఏ యుద్ధంలో ఏ పతకం వచ్చింది, ఏ సభలో ఏం మాట్లాడాడు, అంతా చెబుతారు. వీడి కథ చెప్పడానికి మనం తప్ప దిక్కెవరు? మంచివాడని చెప్పడం లేదు. జరిగింది చెబుతున్నాను, వినండి.

కూర్మయ్యది నాగావళి ఒడ్డున ఒక పల్లె. ఆ ఊళ్ళో గరిడీ ఉండేది, అంటే కర్రసాము నేర్పే చోటు. ఊళ్ళో ఇద్దరికి తగువు వచ్చి పెద్దమనుషుల వల్ల తీరకపోతే చివరికి గరిడీ బరిలోనే తేలేది. దానికో రివాజు ఉండేది. తగువు పడ్డవాడు తన కర్రని రెండోవాడి దారికి అడ్డంగా నేలమీద పెడతాడు. రెండోవాడు చుట్టూ తిరిగి వెళ్ళిపోతే ఓడిపోయినట్టు. దాటితే పోరుకు ఒప్పుకున్నట్టు. పోరులో ఓడినవాడు కర్ర కింద పెట్టాలి. గెలిచినవాడు అడిగే ఒక్క ప్రశ్నకి పైడితల్లమ్మ మీద ఆనపెట్టి నిజం చెప్పాలి. కర్ర కింద పెట్టినవాణ్ణి ఆ తరవాత ఎవడూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే వాడు గరిడీ మనిషే కాదు.

కూర్మయ్య ఇరవయ్యేళ్ళకే ఆ చుట్టుపక్కల పేరుమోసిన కర్రగాడయ్యాడు. గురువు అతనికి కణతదెబ్బ కూడా నేర్పాడు. కర్ర మోకాలి మీదికి వస్తున్నట్టు కనిపిస్తుంది. అవతలివాడు కిందికి కాసుకుంటాడు. అంతలో మణికట్టు తిప్పితే పొన్ను వచ్చి కణత మీద పడుతుంది. ఆ దెబ్బ కూర్మయ్య ఒక్కసారే కొట్టాడు. ఒక తీర్థంలో జమీందారు మనిషి మీద. వాడు గట్టివాడే, వాడి చేతిలోనూ కర్ర ఉంది, పోరు న్యాయంగానే జరిగింది. అయినా వాడు పడినవాడు పడినట్టే ఉన్నాడు, లేవలేదు.

పోలీసులు వస్తున్నారని తెలిసి గురువు తన పొన్నుకర్ర కూర్మయ్య చేతిలో పెట్టి, "ఎల్లిపోరా. ఎక్కడైనా బతుకు. ఈ దెబ్బ మాత్తరం ఎవడికీ నేర్పకు. సేతిలో కర్ర లేనోడి మీద ఇది పడిన్నాడు నీ గురువు సచ్చినట్టే," అన్నాడు. కూర్మయ్య కర్ర మీద చెయ్యి వేసి మాటిచ్చాడు. విశాఖపట్నం రేవులో కూలీల ఓడ ఎక్కేశాడు.

ఆ ఓడలో ముత్యాలు ఉంది. తల్లి వెంట బయల్దేరిన పిల్ల. చంకలో తమ్ముడు పైడిరాజు. తల్లికి ఓడలోనే వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పోయాక గోనెపట్టాలో చుట్టి సముద్రంలోకి తోసేశారు. ముత్యాలు ఏడవలేదు. తమ్ముణ్ణి ఎక్కడ తోసేస్తారోనని గట్టిగా పట్టుకుని కూచుంది. పెనాంగులో దిగేటప్పుడు ఆ పిల్లాడు కూర్మయ్య కాలు పట్టుకుని వదల్లేదు. కాలు విదిలించుకోవడం అతనికి చేతకాలేదు. బాగన్ దాతుక్ తోటలో, తాటాకు పందిరి కింద నిలిపిన పైడితల్లమ్మ ముందు ముత్యాలు మెళ్ళో పసుపుతాడు కట్టాడు. పైడిరాజు బామ్మర్దే అయినా వాళ్ళిద్దరికీ వాడే కొడుకు. మళ్ళీ పిల్లలు పుట్టలేదు.

జర్మనీ యుద్ధం అయిపోయాక తోటకి కొత్త మేనేజరు వచ్చాడు. మేజర్ క్రాన్లీ. ఎత్తుమనిషి, ఎర్రమీసాలు, ఎడంచెయ్యి కొద్దిగా బిగిసిపోయి ఉండేది. ఫ్రాన్సులో గుండు దూరిందట. ధైర్యవంతుడు, అందులో అబద్ధం లేదు. వరద రోజుల్లో మొసళ్ళున్న వాగులో ఈది అవతల ఒడ్డుకి పగ్గం కట్టి వచ్చినవాడు. కానీ తోటని తోటలా చూడలేదు, పటాలంలా చూశాడు. పొద్దున్నే కూలీలు వరసకట్టి హాజరు పలికే పెరట్టులో మడమలు కలిపి నిలబడాలన్నాడు. ఆడవాళ్ళు కూడా. మొదటి రోజే జ్వరంతో కూలబడ్డ ఒక ముసలాయన్ని బూటుకాలితో తన్ని లేపాడు. ఆయన లేచి నిలబడ్డాడు కూడా, పాపం. సాయంత్రానికి పోయాడు.

ఆ ఏడు పైడితల్లమ్మ పండగకి దొర చూడ్డానికి వచ్చాడు. కుర్రాళ్ళు సాము చేస్తున్నారు. కూర్మయ్య కర్ర తిరుగుతుంటే దొర కళ్ళు మెరిశాయి. కోటు విప్పి పక్కనున్నవాడి మీదికి విసిరి, నాతో ఆడమన్నాడు. కూర్మయ్య రివాజు ప్రకారం కర్ర అడ్డంగా పెట్టాడు. కూలీల పెత్తందారు బంగారయ్య మేస్త్రి దాని అర్థం దొరకి ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు. దొర పెద్దగా నవ్వి కర్ర దాటాడు.

మేస్త్రి కూర్మయ్య చెవిలో, "ఓడిపో. నువ్వు గెలిస్తే రేపు పెరట్టులో మన వీపులుండవు," అన్నాడు.

కూర్మయ్య ఓడిపోయాడు. ఊరికే ఓడిపోవడం కాదు. గట్టిగా పోరాడి, అలిసి, అందకుండా పోయి ఓడినట్టు ఓడాడు. అది కూడా ఒక విద్యే, అందరికీ రాదు. దొరకి నిజంగా గెలిచాననే అనిపించింది. కూర్మయ్య కర్ర కింద పెట్టాడు. ఇక ప్రశ్న అడగాలి కదా. దొర మేస్త్రి చేత, ఈ దేశం ఎందుకొచ్చావని అడిగించాడు.

అబద్ధంగా ఓడినా రివాజు రివాజే. పక్కనే అమ్మవారుంది. "ఒకణ్ణి సంపి ఒచ్చినాను," అన్నాడు కూర్మయ్య.

మేస్త్రి ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే దొర ముఖం దీపంలా వెలిగింది. తనకి కావలసిన మనిషి దొరికాడు మరి. మర్నాడే కూర్మయ్యకి ఇత్తడి గుండీల ఖాకీ కోటు వచ్చింది. అతను దొరకి ఆర్డర్లీ అయ్యాడు. అంటే ఏమిటనుకున్నారు? బంగళా మెట్ల దగ్గర నిలబడటం, దొర వెనక నడవడం, వేలు చూపించినవాణ్ణి కొట్టడం.

పని ఎగ్గొట్టినవాణ్ణి కొట్టాడు. కాయ దొంగిలించినవాణ్ణి కొట్టాడు. పారిపోయి దొరికినవాణ్ణి చెట్టుకి కట్టి, తోటంతా చూస్తుండగా స్పృహ తప్పేదాకా కొట్టాడు. సాయంత్రం ఇంటికొస్తే ముత్యాలు చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. ఆ చేతుల మీద నీళ్ళు పోసి, అతను కడుక్కున్నాక గాని అన్నం పెట్టేది కాదు.

"ఎంతకాలం కడగమంటావు మావా ఈ సేతులు?" అని అడిగింది ఒకసారి.

"ఉప్పు తింటన్నాం కదే," అన్నాడు.

"ఉప్పు మనం తింటన్నాం. దెబ్బలు ఆళ్ళు తింటన్నారు. లెక్క బాగుంది."

అతను వెళ్ళి అన్నం ముందు కూచున్నాడు.

సాయంత్రాలు బంగళా పెరట్లో దొరకి సాము నేర్పేవాడు. తరవాత ఇద్దరూ పోరు చేసేవారు. రోజూ కూర్మయ్య ఓడేవాడు. ఒక్కోరోజు చెమటలు కారేదాకా పోరాడి, చివర్లో ఒక్క వెంట్రుకవాసిలో ఓడేవాడు. ఆ పదేళ్ళలో మేజర్ క్రాన్లీ తనంత కర్రగాడు మలయాలో లేడని నమ్మేశాడు. పాపం అతని తప్పేముంది, రోజూ గెలుస్తుంటే ఎవడు నమ్మడు?

మధ్యలో కూర్మయ్యకి చలిజ్వరం ముదిరి మాట పడిపోయింది. ఇక పోతాడని మేస్త్రి కట్టెలు కూడా చూశాడు. దొర స్వయంగా లైనింటికి వచ్చి, ఆ పేడనేల మీద మోకాళ్ళు వేసి కూచుని, పళ్ళు విడదీసి క్వినైను పోశాడు. తెల్లారేదాకా తడిగుడ్డ వేస్తూ కూచున్నాడు. ఆ మనిషిలో అదీ ఉంది, ఇదీ ఉంది. ఏం చెయ్యమంటారు? తిన్నగా ఒక్క రాక్షసుడైతే కూర్మయ్యకి అంత కష్టం ఉండేది కాదు.

లేచి తిరిగాక దొర అడిగాడు. ఎప్పట్నుంచో అడుగుతున్నదే. "కూర్మా, ఆ మనిసిని ఎలా సంపినావు? నాకు నేర్పు." దొరకి అప్పటికి తోట తెలుగు బాగానే పట్టుబడింది.

ప్రాణం పోసినవాడు నోరు తెరిచి అడిగాడు. గురువు ఎక్కడో సముద్రానికి అవతల ఉన్నాడు. కూర్మయ్య కణతదెబ్బ నేర్పేశాడు. ఇంట్లో ముత్యాలుకి మాత్రం చెప్పలేదు. సిగ్గేసింది.

ఈలోగా దొర రాజకీయాల్లోకి దిగాడు. తోటల దొరలందరూ కలిసి కౌలాలంపూర్ సభకి అతణ్ణి పంపించారు. సభలో చెయ్యబోయే ఉపన్యాసాలు వరండాలో ముందు కూర్మయ్యకి వినిపించేవాడు. కూర్మయ్యకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. దొర ఆగి తనవైపు చూసినప్పుడు చప్పట్లు కొట్టాలని మాత్రం తెలుసు. నా కూలీలు నాకు బిడ్డలతో సమానం అని దొర అక్కడ అన్నాడట. మేస్త్రి ఆ సంగతి లైన్లలో చెప్పాడు.

"అందుకే కొడతన్నాడు గావాల," అంది ముత్యాలు. చాలాకాలానికి లైన్లలో అందరూ నవ్వారు.

తరవాత ఎండుకొబ్బరి ధర పడిపోయింది. ప్రపంచమంతా పడిపోయిందట. తోటలో కూలి కోసేశారు, ఆపైన మళ్ళీ కోశారు. పైడిరాజు అప్పటికి పెళ్ళీడు కుర్రాడు. నేలలో పాతిన గునపం మీద కొబ్బరికాయ వేసి ఒక్క విసురుకి పీచు ఒలిచేవాడు. వాడికి బావలా కర్ర పట్టడం ఇష్టం లేదు. ఎంత నేర్పబోయినా ముట్టుకోలేదు. ఒకరోజు పెరట్టులో మడమలు కలపమని కేక వేస్తే పైడిరాజు నేలమీద చతికిలబడ్డాడు. వాణ్ణి చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. తోటంతా కూచుండిపోయింది.

"కూలి తగ్గించినారు. మేమూ పని తగ్గించినాం," అన్నాడు పైడిరాజు. గొంతు పెంచలేదు.

అప్పటికి దొర ఇంగ్లండు వెళ్ళి అక్కడి పెద్దసభకి ఎన్నికల్లో నిలబడాలని చూస్తున్నాడు. పార్టీ వాళ్ళు రమ్మన్నారు. తోటలో గొడవ అని పేపర్లలో పడితే పరువేం కాను? రెండురోజులు ఓపిక పట్టాడు. మూడోరోజు మిట్టమధ్యాహ్నం, పొగవేసి కొబ్బరి ఎండబెట్టే కొట్టం వెనక్కి పైడిరాజుని పిలిపించాడు. అక్కడ ముగ్గురే ఉన్నారు. దొర, కూర్మయ్య, వాడు.

"కొట్టు," అన్నాడు దొర.

కూర్మయ్య కాళ్ళమీద పడ్డాడు. "దొరబాబూ, ఆడు నా సేతుల్లో పెరిగినోడు."

"నీ సేతుల్లో పెరిగినాడు. నీ సేతుల్లోనే బాగుపడతాడు. కొట్టు."

పైడిరాజు బావ వంక చూశాడు. "కొట్టు బావా. నాను కొట్టించుకుంటాను. మళ్ళీ రేపు కూకుంటాను," అన్నాడు. వాడి చేతులు ఖాళీగా పక్కన వేలాడుతున్నాయి.

కూర్మయ్య కొట్టాడు. సాము తెలిసినవాడికి ఒక కిటుకు ఉంది. చప్పుడు పెద్దగా వస్తుంది, చర్మం కమిలిపోతుంది, లోపలికి దిగదు. అలా కొట్టాడు. పైడిరాజుకి కూడా తెలిసింది, కావాలనే అరిచాడు. ఇద్దరూ కలిసి దొరని మోసం చెయ్యగలమనుకున్నారు. కానీ ఎదురుగా ఉన్నది ఎవరు? పదేళ్ళు కూర్మయ్య దగ్గరే నేర్చుకున్నవాడు.

"దొంగదెబ్బలు కొడతన్నావు, కూర్మా. నాకు తెల్దా?" అన్నాడు దొర. కర్ర లాక్కున్నాడు.

కర్ర మోకాలి వైపు వచ్చింది. పైడిరాజు తెలియక కిందికి వంగాడు. పొన్ను కణత మీద పడింది. కుర్రాడు చప్పుడు లేకుండా కొట్టం గోడ మీదికి ఒరిగి జారిపోయాడు. చెవిలోంచి నెత్తురు వచ్చింది. కూర్మయ్య వాడి తల ఒళ్ళో పెట్టుకుని పిలుస్తూనే ఉన్నాడు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, చూపు లేదు.

దొర ముఖం పాలిపోయింది. చంపాలనుకోలేదు కాబోలు. అనుకోకపోతే మాత్రం ఏం?

"ఆడు సెట్టు మీంచి పడినాడు," అన్నాడు.

కూర్మయ్య తలెత్తి చూశాడు.

"కర్ర నీది. దెబ్బ నీది. ముందే ఒకణ్ణి సంపినానని నువ్వే అమ్మోరి ముందు సెప్పినావు, తోటంతా ఇన్నాది. నాను ఏరేలా సెప్తే నిన్ను ఉరి తీస్తారు. సెట్టు మీంచి పడినాడు."

విచారణకి వచ్చిన అధికారి ముందు కూర్మయ్య ఆ మాటే చెప్పాడు. భయపడ్డాడు. ఉరితాడంటే ఎవరికి భయముండదు చెప్పండి?

శవానికి నీళ్ళు పోసింది ముత్యాలు. తల తుడుస్తుంటే కణత మీద గుండ్రటి మచ్చ కనిపించింది. పొన్ను అచ్చు. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. గుడ్డ పక్కన పెట్టి, లేచి వచ్చి, పెరట్లో కూచున్న మొగుడి ఎదురుగా నిలబడింది.

"నా తమ్ముణ్ణి సంపినావు."

"నాను కాదే. దొర."

"ఆ దెబ్బ ఈ దేశంలో ఎవరికొచ్చు మావా? నీకు తప్ప ఎవరికొచ్చు? నువ్వే సెప్పినావు కదా నాతోటి, గురువుకి మాటిచ్చినానని, ఎవరికీ నేర్పనని."

"దొరకి నేర్పినాను."

"సంపిందీ కాక గురువుని కూడా అమ్ముకుంటన్నావా, తప్పించుకోడానికి," అంది. ఆ తరవాత అతనితో మాట్లాడలేదు.

గుమ్మంలో చెంబు కనిపించడం ఆ రోజుతో ఆగిపోయింది. అన్నం వండి కుండ అక్కడే వదిలేసేది, తను పక్కింటి కన్నమ్మ దగ్గర పడుకునేది. లైన్లలో ఎవరూ అతనికి ఎదురుపడలేదు. కూలీలు తలలు దించుకుని పనిలోకి పోయారు. కూర్మయ్య తన నోటితో ఎన్నిసార్లు నిజం చెప్పినా అది హంతకుడి మాటే. మలయా అంతటికీ ఆ నిజం తెలిసినవాడు ఇంకొక్కడే ఉన్నాడు. వాడు వచ్చే నెల ఓడ ఎక్కేస్తున్నాడు. ఎక్కేశాడా, బతికినన్నాళ్ళూ ముత్యాలు కళ్ళలో కూర్మయ్య తమ్ముణ్ణి చంపినవాడే.

దొర వెళ్ళే రోజు వచ్చింది. బంగళా నుంచి రేవు దాకా కొబ్బరాకుల తోరణాలు కట్టారు. చుట్టుపక్కల తోటల దొరలు, దొరసానులు, ఒక పోలీసు దొర, అందరూ కుర్చీల్లో కూచున్నారు. కూలీలు ఉతికిన బట్టలు కట్టుకుని దారికి రెండువైపులా నిలబడాలని ఉత్తరువు. ముత్యాలు కూడా నిలబడింది. మేజర్ క్రాన్లీ మెళ్ళో పూలదండతో, చేతిలో వెండిపిడి మలక్కా బెత్తంకర్రతో మెట్లు దిగి వచ్చాడు. ఖాకీ కోటు వేసుకుని ముందు నడవాల్సిన ఆర్డర్లీ కనిపించలేదు.

కూర్మయ్య దారి మధ్యలో ఉన్నాడు. కోటు లేదు. గోచీ బిగించుకుని ఉన్నాడు. వంగి, పొన్నుకర్రని దారికి అడ్డంగా పెట్టి, వెనక్కి జరిగాడు.

రెండువైపులా గుసగుసలు ఆగిపోయాయి. అక్కడున్న కూలీలందరికీ దాని అర్థం తెలుసు. దొరకీ తెలుసు. ఆగి, కర్ర వంక చూశాడు. చుట్టూ తిరిగి వెళ్ళడానికి చోటుంది. కానీ అన్నేళ్ళుగా రోజూ గెలిచినవాడు చుట్టూ తిరిగి ఎందుకు వెళతాడు? పైగా అంతమంది చూస్తున్నారు. దండ తీసి ఒక దొరసాని చేతికిచ్చి, అతిథుల వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. నా పాత బంటు నాతో ఆఖరి ఆట కోరుకుంటున్నాడు అన్నాడని తరవాత మేస్త్రి చెప్పాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు.

దొర కర్ర దాటాడు.

మొదటి దెబ్బ దొరదే. కూర్మయ్య కనుబొమ చీలింది. దొరలు బాగుంది బాగుందన్నారు. రెండోది భుజం మీద పడింది. ఎప్పుడూ పడినట్టే పడనిచ్చాడు కూర్మయ్య. తరవాత పడనివ్వలేదు. దొర కొట్టిన చోట మనిషి లేడు, మళ్ళీ కొట్టాడు, మళ్ళీ లేడు. మేజర్ క్రాన్లీ ముఖంలో మొదట ఆశ్చర్యం వచ్చింది, తరవాత కోపం వచ్చింది. అన్నేళ్ళ గెలుపులూ భిక్షేనని అప్పటికి అర్థమైంది కాబోలు. పళ్ళు బిగించి కర్ర మోకాలి వైపు విసిరాడు.

కూర్మయ్య దానికోసమే ఎదురుచూస్తున్నాడు. కిందికి కాసుకోలేదు. బెత్తం మలుపు తిరిగి కణత మీదికి వచ్చింది. అక్కడ పొన్నుకర్ర అడ్డం ఉంది. చప్పుడు తోటంతా వినిపించింది.

కూలీల వరసలో ముత్యాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ దెబ్బని ఇప్పుడు అందరూ చూశారు. దొర చేతిలో చూశారు.

ఆపైన జరిగింది ఆట కాదు. కూర్మయ్య మణికట్టు మీద కొట్టాడు, వేళ్ళు నలిగాయి. డొక్కలో పొడిచాడు. ఎర్రమీసాల మీద నెత్తురు కారింది. చివరికి మోకాలిచిప్ప మీద రెండుచేతులా కొట్టాడు. ముంజికాయ మీద కత్తి పడ్డ చప్పుడు వచ్చి దొర కూలిపోయాడు. అప్పటికి గాని కుర్చీల్లో ఉన్నవాళ్ళకి తెలివి రాలేదు. పోలీసు దొర లేచి పిస్తోలు తీశాడు. కూర్మయ్య కర్ర పొన్ను అప్పటికే మేజర్ కణతకి ఆనుకుని ఉంది. పిస్తోలు పేలేలోపు పొన్ను దిగుతుంది. మేజర్‌కి ఆ సంగతి తెలిసే, చెయ్యెత్తి పోలీసు దొరని ఆగమన్నాడు.

"కర్ర దింపు దొరబాబూ. దింపితే కొట్టను. రివాజు నీకు తెలుసు," అన్నాడు కూర్మయ్య.

దొర బెత్తం వదిలేశాడు.

"అమ్మోరి మీద ఆన. అందరికీ ఇనపడాల. పైడిరాజుని ఏ సెయ్యి కొట్టింది?"

మేజర్ క్రాన్లీ కుర్చీల వైపు చూశాడు. అక్కడ తెలుగు ముక్క వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళకోసం అంత నొప్పిలోనూ కొంచెం నవ్వాడు, ఏం పర్లేదన్నట్టు. నవ్వుతూనే తెలుగులో చెప్పాడు.

"నా సెయ్యి. నువ్వు మెల్లగా కొట్టినావు. నాను గట్టిగా కొట్టినాను. సాలా?"

కూర్మయ్య పొన్ను ఇంకా కణత మీదే ఉంది. మణికట్టు ఒక్కసారి కదిలితే చాలు. మలయాలో ఏ కోర్టూ చెయ్యని పని అయిపోతుంది. చెయ్యాలనే ఉంది అతనికి. తల తిప్పి ముత్యాలు వంక చూశాడు. ఆవిడ వద్దనలేదు, కానిమ్మనీ అనలేదు. కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా అతన్నే చూస్తోంది. కింద మనిషి చేతిలో కర్ర లేదు. కూర్మయ్య కర్ర దించేశాడు.

దించగానే పోలీసు దొర వెనకనుంచి పిస్తోలు మడమతో తలమీద కొట్టాడు. ఆ తరవాత జవాన్లు బూట్లతో కుమ్మారు. ముందరి పళ్ళన్నీ రాలిపోయాయి. లేవడానికి కాదు కదా, చెయ్యి అడ్డం పెట్టుకోడానికి కూడా ప్రయత్నించలేదు. వాళ్ళకి ఏ రివాజూ లేదు.

కోర్టులో కూలీలు వరసగా వచ్చి దొర ఒప్పుకున్నాడని చెప్పారు. బంగారయ్య మేస్త్రి కూడా చెప్పాడు, ఉద్యోగం పోతుందని తెలిసీ. అతిథుల్ని అడిగితే, దేశభాషలో ఏదో అన్నాడు, మాకర్థం కాలేదు, నవ్వుతూనే అన్నాడన్నారు. కూలీల మాట కట్టుకథ అన్నాడు జడ్జీ. పైడిరాజు చెట్టు మీంచే పడ్డాడు. కూర్మయ్యకి కొరడాదెబ్బలూ, కఠిన జైలూ పడ్డాయి. మేస్త్రికి ఉద్యోగమూ పోయింది.

మేజర్ క్రాన్లీ ఇంగ్లండులో గెలిచాడు. పేపర్లో వచ్చిందని తోట గుమాస్తా చదివి చెప్పాడు. ఊరూరా కర్ర పట్టుకుని కుంటుకుంటూ తిరిగాడట. దేశం కోసం ఫ్రాన్సులో ఇచ్చిన కాలు అని చెప్పుకున్నాడట. జనం నమ్మి ఓట్లు వేశారు. ఎలా నమ్మరు, కుంటడం నిజమే కదా.

కూర్మయ్య జైలునుంచి బయటికొచ్చిన రోజు గేటు ఎదురుగా చెట్టుకింద ముత్యాలు కూచుని ఉంది. పక్కన మూటకట్టిన కుండ, చెంబు. జుట్టు తెల్లబడింది. అతను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ లేచి అతని చేతుల మీద నీళ్ళు పోసింది. అతను కడుక్కున్నాడు. పళ్ళు లేని నోటికి తగ్గట్టు మెత్తగా వండిన అన్నం ఆకులో పెట్టింది.

ముద్ద నోటిదాకా వచ్చాక చెప్పింది.

"కొట్టింది దొరే. నా సెవుల్తో ఇన్నాను. పాముకి పాలు పోసినోళ్ళని సూసినాను మావా. కోరలు పెట్టినోణ్ణి నిన్నే సూసినాను."

కూర్మయ్య ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"తిను. సల్లారిపోతాది," అంది ముత్యాలు. "నీ గురువు కర్ర తోటలోనే పడుంటే తెచ్చి దాసినాను. ఇయ్యాల పొయ్యిలో పెట్టినాను. దానిమీద వండినాను ఈ అన్నం."

అతను ఆవిడ వంక చూసి, తలదించుకుని, తిన్నాడు.